ఏం కాలేదు కదా మామా

పోయిన ఆదివారం మా అక్క కొడుకు ఇంటికొచ్చాడు. జనవరిలో స్నేహితులతో కలిసి ఉత్తరాఖండ్ పోతాడంట, మంచులో ఆరు రోజుల నడక. ఫోన్లో వీడియో చూపించాడు. తెల్లటి వాలు మీద ముప్పై నలభై మంది చీమల బారులా ఒకరి వెనక ఒకరు పోతున్నారు. "ఆ పైన కొండ ఎంత నిటారుగా ఉందో చూసినావా? అక్కడి నుంచి మంచు చరియ జారితే?" అన్నాను. వాడు ఫోను పక్కన పెట్టి, "నువ్వూ పొయ్యొచ్చినావు కదా మామా, ఏం కాలేదు కదా?" అన్నాడు.

నాకు వెంటనే మాట రాలేదు. నిజమే, ఏమీ కాలేదు. అప్పుడు అక్కడ దిగిన ఫోటో ఇప్పటికీ మా హాల్లో గోడకుంది. వాడు చిన్నప్పట్నుంచి దాన్ని చూస్తూ పెరిగాడు, దాన్ని చూసే వాడికీ కోరిక పుట్టింది. అందుకే వారం రోజులుగా ఇది నా మనసులో నలుగుతోంది. మంచుకొండ మీదికి పోయి క్షేమంగా తిరిగొచ్చినవాడు అక్కడ సరిగ్గా నడుచుకున్నాడని చెప్పడానికి వీల్లేదని నా నమ్మకం. తప్పు చేసినవాణ్ణి కూడా మంచు చాలాసార్లు వదిలేస్తుంది. వదిలేసిన ప్రతిసారీ వాడికి ధైర్యం పెరుగుతుంది. వాడి ధైర్యం చూసి ఇంకొకడు బయల్దేరుతాడు. మా ఇంట్లో జరుగుతున్నది అదే.

ఆ రోజు విన్న చప్పుడు

2018 ఫిబ్రవరిలో మేము ఆరుగురం తిరుపతి నుంచి పోయాము. అక్కడ ఇంకో పన్నెండు మంది కలిశారు. కొండ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు ఆ కొండది కాదు. తీసుకుపోయిన సంస్థ పేరూ చెప్పను.

రెండు రోజులు విడవకుండా మంచు కురిసింది. గుడారాల మీద పేరుకున్నదాన్ని రాత్రి లేచి దులుపుకున్నాము. మూడో రోజు తెల్లారేసరికి ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. అంత నీలం నేను మళ్ళీ చూడలేదు. అందరికీ ప్రాణం లేచొచ్చింది. రెండు రోజులు పోయాయి కాబట్టి ఆ రోజు దూరం ఎక్కువ నడవాలన్నారు. డెహ్రాడూన్ నుంచి వెనక్కి వచ్చే టికెట్లు అప్పటికే తీసేసి ఉన్నాయి.

పది గంటలప్పుడు చెట్లు దాటి బయటికొచ్చాము. దారి ఒక బోడి వాలుకు అడ్డంగా పోతుంది. మా ముందు ఎవరో నడిచిన అడుగులున్నాయి, వాటిలోనే కాళ్ళు పెట్టుకుంటూ దగ్గర దగ్గరగా పోతున్నాము. సగం దాటాక కాళ్ళ కింద "ధబ్" మని చప్పుడైంది. పక్క గదిలో బియ్యం బస్తా దించితే ఎట్లా ఉంటుందో అట్లా. చెవికంటే అరికాలికే ముందు తెలిసింది. నేల పిసరంత కిందికి దిగినట్టయింది. నా ముందు నడిచే అతని బూటు దగ్గర నుంచి సన్నటి గీత ఒకటి మంచు మీద రెండు బారల దూరం పాకింది.

అందరం ఆగిపోయాము. గైడు కుర్రాడు తలెత్తి పైకి చూశాడు. అతని మొహం నాకింకా గుర్తుంది. "చలో చలో, జల్దీ" అన్నాడు. గబగబా దాటేశాము. అవతలికి చేరగానే మా ఆరుగురం "గోవిందా" అని కేక వేశాము. ఆ వాలును వెనక పెట్టుకుని తీసుకున్నదే మా హాల్లో ఉన్న ఫోటో.

ఆ చప్పుడు ఏమిటో రెండేళ్ళ దాకా నాకు తెలియదు. చంద్రగిరి దగ్గర ఒక పెళ్ళిలో నా పక్కన భోజనానికి కూర్చున్న పెద్దాయన సైన్యంలో పనిచేసి రిటైరయ్యాడు. కాశ్మీరులో మంచులో ఎన్నో శీతాకాలాలు గడిపాడు. నేను గొప్పగా నా ప్రయాణం చెప్పుకొచ్చాను, ఆ చప్పుడు సంగతి కూడా చెప్పాను. ఆయన విస్తట్లో చెయ్యి ఆపేశాడు. "ఎంతమంది ఉన్నారు సార్ ఆ వాలు మీద?" అని అడిగాడు. పద్దెనిమిది మందిమి అన్నాను. "అందరూ ఒకేసారా?" అన్నాడు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చేతులు కడుక్కునే దగ్గర చెప్పాడు. వాళ్ళు అట్లాంటి చోటు దాటాలంటే సూర్యుడు రాకముందే, ఒక్కొక్కరుగా, ఒకరు దాటాకే ఇంకొకరు కదిలేవాళ్ళంట. నడుముకు పొడుగాటి ఎర్ర తాడు కట్టుకుని వెనక వదిలేవాళ్ళంట. మనిషి కూరుకుపోయినా తాడు పైకి తేలి కనపడుతుందని. "ఆ చప్పుడు వినపడితే మేము ఆ వాలు మీద నిలబడము సార్, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి పోతాము" అన్నాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఫోటో ముందు నిలబడ్డాను. మేము నవ్వుతున్న ఆ ఫోటోలో మా వెనక ఆ గీత ఉండాలి. వెతికితే కనపడలేదు.

రాగుల మీద బండ

ముందు మన మాట గురించి ఒకటి చెప్పాలి. ధనుర్మాసంలో తిరుమల మీద కమ్ముకునేది మనకు మంచే. పొద్దున గడ్డి మీద ఉండేదీ మంచే. ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ, హిమాలయాల్లో కురిసేదీ మంచే. ఒకే మాటతో సరిపెట్టుకున్నాము, ఎందుకంటే మన బతుకులో అంతకుమించి అవసరం రాలేదు. కాబట్టి కొండ మీద పడిన మంచు అంతా ఒకటే పదార్థమనీ, దూది పరుపులా మెత్తటిదనీ అనుకుంటాము. నేనూ అట్లాగే అనుకున్నాను.

అది పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్కో పొర ఒక్కో రోజు పడింది, ఒక్కో గాలికి గట్టిపడింది. చలికాలం మొదట్లో పల్చగా పడిన మంచుకు అడుగున నేల కొంచెం వెచ్చగా, సున్నా డిగ్రీల దగ్గర్లో ఉంటుంది. పైన గాలి మైనస్ పదో పదిహేనో. ఆ తేడాకు మంచులోంచే ఆవిరి పైకి కదులుతుంది, దాంతో గింజల రూపం మారిపోతుంది. ఒకదాన్నొకటి పట్టుకోని చక్కెర పలుకుల్లా తయారవుతాయి. చేతిలోకి తీసుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. దాని మీద కొత్త మంచు పడుతుంది, గాలి దాన్ని కొట్టి కొట్టి పలకలా చేస్తుంది. గాలికి ఎదురుగా ఉన్న వైపు నుంచి మంచు లేచి, శిఖరం దాటి, అవతలి వైపు వాలు మీద పేరుకుంటుంది. అంటే మంచు కురవకపోయినా గాలి ఒక్కటే ఒక వాలును బరువెక్కించగలదు.

మా ఇంట్లో వాడికి నేను చేసి చూపించింది ఇది. చేటలో రాగులు పరిచి, దాని మీద చిన్న కడప బండ ముక్క పెట్టి మెల్లగా ఒకవైపు ఎత్తాను. కొంతదాకా కదల్లేదు. ఆ తర్వాత బండ మొత్తం ఒక్కసారిగా జారింది. కొంచెం కొంచెంగా రాలడం ఉండదు. మంచు పలక కూడా అంతే, అడుగున పొర కూలితే ఆ కూలడం వాలు అంతా పాకుతుంది, మనం నిలబడిన చోటికి ఎంతో పైన పలక తెగుతుంది. మేము విన్న "ధబ్" అడుగు పొర కూలిన చప్పుడు. మేము చూస్తుండగా పాకిన గీత పలక తెగడం మొదలైన గుర్తు. అది అక్కడితో ఎందుకు ఆగిందో చెప్పగలిగినవాళ్ళు మా పద్దెనిమిది మందిలో లేరు.

ఇక వాలు సంగతి. ఇట్లాంటి పలకలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల మధ్య. అంతకు తక్కువైతే సాధారణంగా కదలవు, మరీ నిటారుగా ఉంటే మంచు నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతూ ఉంటుంది. మనం మేడ మీదికెక్కే మెట్ల వాలు దాదాపు ముప్పై దాకా ఉంటుంది. అంటే ప్రమాదం మొదలయ్యేది భయం పుట్టించే చోట కాదు, నడవడానికీ జారడానికీ ఫోటోకూ బాగుందనిపించే చోట. మనం నడిచేది చదును నేల అయినా, పైన అట్లాంటి వాలు ఉంటే అది మన మీదికే వస్తుంది.

నన్ను అన్నిటికంటే కదిలించిన విషయం ఇంకొకటుంది. ఇట్లా జారిపడే మంచు చరియల కింద పడి చనిపోయే యాత్రికుల్లో పదింట తొమ్మిది సందర్భాల్లో ఆ చరియను కదిలించింది వాళ్ళో, వాళ్ళ గుంపులో ఒకరో. ప్రకృతి కోపం, విధి అని రాసుకుంటాము. కదిలించింది మన కాలే. పైగా పలక అంతటా ఒకే మందం ఉండదు. పదిమంది మందంగా ఉన్న చోట అడుగేసి దాటిపోతారు, పదకొండోవాడి కాలు పల్చటి చోట పడుతుంది. ముందు నడిచినవాళ్ళ అడుగులు చూసి మేము నమ్మకంగా పోయాము కదా, ఆ అడుగులు చెప్పింది ఆ పదిమంది సంగతి మాత్రమే.

మోకాళ్ళతో కొలిచే అలవాటు

తిరుపతి వాళ్ళకు కొండ కొత్త కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు పుట్టెంట్రుకల నాటి నుంచీ ఎక్కుతున్నాము. మోకాళ్ళ పర్వతం దగ్గర మన కాళ్ళు మనకు తెలుస్తాయి. తుంబురు తీర్థం ముక్కోటికి అడవిలో రాళ్ళూ నీళ్ళూ దాటుకుంటూ పొయ్యొచ్చిన వాళ్ళున్నారు. అందువల్ల కొండ అంటే మనకు ఊపిరి, ఓపిక, భక్తి. ఎక్కగలిగితే ఎక్కినట్టే.

ఆ కొలతనే హిమాలయాలకు తీసుకుపోతాము. నేను బయల్దేరేముందు మూడు నెలలు రోజూ పొద్దున మెట్లెక్కాను. సంస్థవాళ్ళు కూడా అదే అడిగారు, ఐదు కిలోమీటర్లు ఎన్ని నిమిషాల్లో పరిగెత్తగలవని. ఏ బూటు, ఎన్ని జతల సాక్సులు, ఏ మాత్రలు, అన్నీ రాసి పంపారు. ఆ దారిలో 30 డిగ్రీలు దాటిన వాలులు ఎన్ని ఉన్నాయో వాళ్ళు రాయలేదు, నేనూ అడగలేదు. మోకాలు బలంగా ఉన్నవాడికీ లేనివాడికీ పలక తెగేటప్పుడు తేడా ఉండదు.

మన కొండ కూడా ఈ పాఠం చెప్పకపోలేదు. అలిపిరి దారిలో ఎన్నో ఏళ్ళుగా పిల్లలు ముందు పరిగెత్తుతుంటే పెద్దవాళ్ళు వెనక నింపాదిగా వచ్చేవాళ్ళు. ఏమీ కాలేదు. 2023 జూన్‌లో చిరుత ఒక బాబును పట్టుకుని వదిలేసింది, ఆగస్టులో ఒక రాత్రి ఒక పాపను పట్టుకుపోయింది. ఆ తర్వాతే పిల్లలతో నడిచేవాళ్ళకు సమయాలు పెట్టారు, గుంపులుగా పొమ్మన్నారు, చేతికి కర్రలిచ్చారు. అడవి అంతకుముందు రోజు కూడా అడవే. 2021 నవంబరు వానలు మనందరికీ గుర్తున్నాయి. ఊరు మునిగిన రోజుల్లో కొండ వైపు అందరం భయంగా చూశాము. డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద బండలు పడింది ఆ భయం కాస్త తగ్గాకే. మంచుకూ ఈ గుణం ఉంది. తుఫానులో ఎవరూ నడవరు, గుడారాల్లోనే ఉంటారు. తుఫాను తర్వాత మొదటి ఎండ రోజున అందరూ బయటికొస్తారు, కొత్త బరువు అప్పటికింకా సర్దుకుని ఉండదు. కడిగిన పళ్ళెంలాంటి ఆకాశం అని పైన రాశాను. ఆ నీలం ఇప్పుడు తలుచుకుంటే నాకు గుండె జల్లుమంటుంది.

ఇదంతా ఎక్కడో ఉత్తరాన జరిగే సంగతి అనుకునేవాళ్ళకు హుద్‌హుద్ గుర్తుచేస్తాను. 2014 అక్టోబరు 12న అది విశాఖపట్నాన్ని తాకింది. మనం విరిగిన చెట్లూ కరెంటు స్తంభాలూ చూస్తుండగా ఆ తుఫాను తేమ ఉత్తరానికి పోయింది. రెండు రోజుల తర్వాత నేపాల్‌లో అన్నపూర్ణ ప్రాంతంలో విపరీతంగా మంచు కురిసి, చరియలు పడి, 43 మంది చనిపోయారు. బంగాళాఖాతంలో లేచిందే అక్కడ మంచై పడింది. టీవీలో మనకు విశాఖ కనపడింది. కొండ మీద నడుస్తున్న వాళ్ళకు అది తమకే వస్తోందని తెలియలేదు.

గైడ్లున్నారు కదా

ఇదే మా బావ అన్న మాట. అక్కడే పుట్టి పెరిగిన వాళ్ళకంటే తిరుపతిలో కూర్చుని చదువుకున్న నీకు ఎక్కువ తెలుసా అని. తెలియదు. ఆ కుర్రాడు తలెత్తి పైకి చూశాడంటేనే అతనికి ఆ చప్పుడు అర్థమయిందని నాకు ఇప్పుడు తెలుస్తోంది. కానీ అతను రోజు కూలికి వచ్చినవాడు. పద్దెనిమిది మంది సెలవు పెట్టి, డబ్బు కట్టి వచ్చారు. వెనక్కి పోదామంటే ఎవరు ఊరుకునేవాళ్ళు? ఆ ఉదయం తొందరపడిన వాళ్ళలో నేనూ ఉన్నాను. అతని నోరు నొక్కింది మా టికెట్లు. గైడుకు తెలిసినంత మాత్రాన చాలదు, అతను చెప్తే వినే గుంపు ఉండాలి.

2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథులా దారిలో ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. వాళ్ళకు అనుమతి 13వ మైలు వరకే, చరియ పడింది 15వ మైలు దగ్గర. ఆ రెండు మైళ్ళూ ఎట్లా దాటారో ఊహించడం కష్టం కాదు. ఇంత దూరం వచ్చాము, ఇంకొంచెం, నిన్నటివాళ్ళు పోయారు కదా అని.

అయితే నా వాదానికి గట్టిగా అడ్డుపడే సంఘటన ఒకటుంది, దాన్ని దాటేసి పోలేను. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ జిల్లాలో ద్రౌపదీ కా దండా శిఖరం దగ్గర చరియ కింద పడింది నెహ్రూ పర్వతారోహణ సంస్థ బృందం. శిక్షణ పొందుతున్నవాళ్ళు, శిక్షణ ఇస్తున్నవాళ్ళు. 27 మృతదేహాలు దొరికాయి, ఇద్దరు దొరకలేదు. చనిపోయిన శిక్షకురాలు సవితా కంస్వాల్ ఆ ఏడాది మే నెలలోనే ఎవరెస్టూ మకాలూ పదహారు రోజుల తేడాలో ఎక్కింది. మంచును చదవడమే పనిగా పెట్టుకున్నవాళ్ళు. మరి నువ్వు చెప్పే ఈ డిగ్రీల లెక్కలు ఎవర్ని కాపాడతాయి అంటే నా దగ్గర పూర్తి జవాబు లేదు. తెలిసినవాళ్ళు ఎక్కువసార్లు, ఎక్కువ కష్టమైన చోట్లకు పోతారు కాబట్టి వాళ్ళ ప్రమాదం వేరు అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ తెలివి కూడా ఓడిపోయే చోటు అది అని ఒప్పుకోవడమే నిజాయితీ. ఆ ఒప్పుకోలు నన్ను ఇంకా వెనక్కే లాగుతోంది, ముందుకు తొయ్యడం లేదు.

బావ ఇంకో మాట కూడా అన్నాడు. తిరుపతి నుంచి బెంగుళూరుకు కారులో పోవడమే ఇంతకంటే ప్రమాదం, రోజూ పోతాండాము కదా అని. ఈ మాట మీద నేను చాలా ఆలోచించాను. లెక్క ప్రకారం ఆయన మాట నిజమే కావచ్చు. కానీ రోడ్డు మనతో మాట్లాడుతుంది. తప్పుగా ఓవర్‌టేక్ చేస్తే ఎదుటి లారీ హారన్ కొడుతుంది, బ్రేకు కీచుమంటుంది, పక్కన కూర్చున్న మనిషి తిడుతుంది. వంద తప్పులకు వంద హెచ్చరికలు అందుతాయి, అట్లా నేర్చుకుంటాము. మంచు వాలు మీద తప్పు చేసినవాడికి చాలాసార్లు ఏ చప్పుడూ వినపడదు. ఎంత దగ్గరగా పోయాడో తెలియకుండానే అవతల గట్టుకు చేరి ఫోటో దిగుతాడు. పదేళ్ళు పోతే పదేళ్ళ అనుభవం అంటాడు. ఆ అనుభవంలో ఎంత నేర్చుకున్నదో, ఎంత కలిసొచ్చిందో అతనికీ తెలియదు. మాకు ఆ చప్పుడు వినపడడమే అదృష్టం.

పదిహేను నిమిషాలు

చరియ కింద పూర్తిగా కూరుకున్న మనిషిని మొదటి పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే చాలామంది బతుకుతారు. అరగంట దాటేసరికి బతికే అవకాశం మూడో వంతుకు పడిపోతుంది. ఎక్కువమందికి ఊపిరాడకే ప్రాణం పోతుంది. జారేటప్పుడు నీళ్ళలా పారిన మంచు ఆగగానే సిమెంటులా బిగుసుకుంటుంది, వేలు కూడా కదలదు. ఘన మీటరు మంచు నాలుగు వందల కిలోల దాకా తూగుతుంది. హెలికాప్టరో సైన్యమో వచ్చేసరికి ఆ సమయం అయిపోయి ఉంటుంది. కాపాడగలిగింది పక్కనున్నవాళ్ళే. అందుకు ప్రతి మనిషి ఒంటి మీద సంకేతం పంపే బీకన్ ఒకటి, గుచ్చి వెతికే పొడుగాటి మడత కర్ర ఒకటి, పార ఒకటి ఉండాలి, వాటిని వాడడం ముందే అలవాటయ్యి ఉండాలి. మా పద్దెనిమిది మందిలో ఒక్కరి దగ్గరా ఈ మూడింటిలో ఏ ఒక్కటీ లేదు. సెల్ఫీ స్టిక్కులు మాత్రం ఆరేడు ఉన్నాయి.

2025 ఫిబ్రవరి 28న ఉత్తరాఖండ్‌లో మాణా దగ్గర రోడ్డు పనివాళ్ళ శిబిరం మీద చరియ పడింది. 54 మందిలో 46 మంది బతికారు, 8 మంది చనిపోయారు. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ ముందురోజే ఆ ఎత్తులకు చరియల హెచ్చరిక ఇచ్చింది. ఆ కూలీలకు అక్కడ ఉండడం తప్ప దారి లేదు, అది వాళ్ళ బువ్వ. మనం సరదాకు పోతున్నాము. మనల్ని వెతకడానికి వచ్చే జవాను మళ్ళీ అదే వాలు కింద నిలబడాలి. ఇది రాస్తుంటే పెళ్ళిలో చెయ్యి ఆపేసిన ఆ పెద్దాయనే గుర్తొస్తున్నాడు.

మావాణ్ణి పోవద్దని నేను అనలేదు. అనే హక్కు ఆ ఫోటో గోడకు తగిలించిన రోజే పోయింది. నిన్న సాయంత్రం వాడు మళ్ళీ వచ్చాడు. నేను చెప్పిన మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని సంస్థకు ఫోను చేశాడంట. దారిలోనూ దారికి పైనా 30 డిగ్రీలు దాటిన వాలులు ఎక్కడెక్కడున్నాయి, డీజీఆర్‌ఈ హెచ్చరిక రోజూ చూసి వెనక్కి తిప్పే అధికారం ఎవరిది, బీకనూ కర్రా పారా ఎంతమంది దగ్గర ఉంటాయి. మొదటిదానికి, "పదేళ్ళుగా తీసుకుపోతాన్నాము సార్, ఏమీ కాలేదు" అని చెప్పారంట. మిగతా రెండూ కనుక్కుని సోమవారం చెప్తామన్నారు.

వాడు పోతూ పోతూ మా మేడ మెట్ల పక్క గోడకు ఫోను ఆనించి, వాలు కొలిచే యాప్ పెట్టి చూశాడు. 32 వచ్చింది. కాసేపు మెట్ల కింద నిలబడి పైకి చూశాడు. తర్వాత హాల్లోకొచ్చి ఆ ఫోటోలో మా వెనకున్న వాలు మీద ఫోను అంచు ఆనించి పట్టుకున్నాడు.

"ఇది ఎంతుంటుంది మామా?" అన్నాడు.